అప్‌డేట్: కాంట్రాక్ట్ వర్కర్ల కాగితాలు చెక్ చేసే ఫీచర్

శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరంలోని ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్ట్ వర్కర్ల ఆధార్, లైసెన్సు ఫోటోలు చూసి మేం చేస్తున్న యాప్ తనంతట తానే అప్రూవ్ చేసేయొచ్చా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. యాప్‌ను అలా చేయనివ్వలేదు. మీలో చాలామంది చెప్పిందే నిజం, ఫోటోలో అక్షరాలు చదవడం వేరు, కాగితం అసలుదో కాదో తేల్చడం వేరు.

ఇప్పుడు ఆధార్ మీదున్న క్యూఆర్ స్కాన్ చేస్తున్నాం. అందులో ఆధార్ సంస్థ డిజిటల్ సంతకం ఉంటుంది కాబట్టి గేటు దగ్గర సిగ్నల్ లేకపోయినా సరిచూడొచ్చు, పైగా పూర్తి నంబరు ఉండదు, చివరి 4 అంకెలే. డ్రైవింగ్ లైసెన్సు మాత్రం వర్కర్ ఒప్పుకుంటేనే డిజిలాకర్ (ప్రభుత్వం నడిపే డిజిటల్ పత్రాల యాప్) నుంచి తీసుకుంటాం.

అసలు తలనొప్పి పేర్లతో వచ్చింది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, పాస్‌బుక్‌లో ఒక్క పొడి అక్షరం, ఇంకోచోట ఇంటిపేరు చివర్లో! మన జిల్లాలో ఇది ఇంటింటి కథే. అందుకే పేరు తేడా వస్తే రిజెక్ట్ చేయకుండా హెచ్‌ఆర్ వాళ్లకు పంపుతున్నాం, చూసినవాళ్లు కారణం రాస్తేనే అప్రూవ్ బటన్ పనిచేస్తుంది, ఎవరు ఎప్పుడు ఓకే చేశారో రికార్డులో ఉంటుంది.

ఫిట్‌నెస్ సర్టిఫికెట్ గడువు దగ్గర పడితే మెసేజ్ వెళ్తోంది. అది వర్కర్‌తోపాటు కాంట్రాక్టర్‌కీ వెళ్లాలని పట్టుబట్టాను, ఆయనకు నచ్చలేదనుకోండి.