ఎర్బియం టెల్లూరైట్ గాజు: పోస్ట్‌డాక్‌లో చేరాక ముందు ఏ పని పట్టుకోవాలి?

పెన్నాతీరం:
అనంతపురంలో పోస్ట్‌డాక్‌గా చేరుతున్నాను. ఎర్బియం కలిపిన టెల్లూరైట్ గాజులు (టెల్లూరియం డయాక్సైడ్ ప్రధానంగా ఉండేవి), 1530 నానోమీటర్ల ఉద్గారం (ఎర్బియం వదిలే పరారుణ కాంతి) మీద పని. ల్యాబ్‌లో మఫిల్ ఫర్నేస్, 1100 నానోమీటర్ల దాకా శోషణ చూసే యూవీ-విజిబుల్, వక్రీభవన గుణకం కొలిచే అబ్బే రిఫ్రాక్టోమీటర్, పరారుణ శోషణ చూసే ఎఫ్‌టీఐఆర్ ఉన్నాయి. 980 నానోమీటర్ల డయోడ్ లేజర్ రాబోతోంది. లైఫ్‌టైమ్ (లేజర్ ఆపాక ఉద్గారం ఎంతసేపట్లో ఆరిపోతుందో) కొలిచే ఏర్పాటు లేదు. పీహెచ్‌డీలో బోరేట్ గాజులే చేశాను. టెల్లూరైట్‌లో ఎక్కడ తేడా వస్తుందో అనుభవం ఉన్నవాళ్లు చెప్పగలరా?

కందనవోలు_కాంతి:
స్వాగతం అమ్మా. మొదట ఒకే బేస్ గాజు పట్టుకోండి. 75 టెల్లూరియం డయాక్సైడ్, 20 జింక్ ఆక్సైడ్, 5 సోడియం ఆక్సైడ్, అన్నీ మోల్ శాతాల్లో. సులభంగా గాజు కడుతుంది, పోల్చుకోడానికి పాత పేపర్లు బోలెడు. 10 గ్రాముల బ్యాచ్‌కి టెల్లూరియం డయాక్సైడ్ 8.607, జింక్ ఆక్సైడ్ 1.170, సోడియం కార్బొనేట్ 0.381 గ్రాములు. కావాల్సిన సోడియం ఆక్సైడ్ బరువుని 1.710తో గుణించి కార్బొనేట్ బరువు తీశాం. దీనిమీద అదనంగా 0.5 మోల్ శాతం ఎర్బియం ఆక్సైడ్ అంటే 0.1375 గ్రాము. కార్బొనేట్ తేమ పీల్చి ఉంటే ఈ లెక్క ముందే తప్పుతుంది, ఆరబెట్టి డెసికేటర్‌లో చల్లార్చాకే తూకం వేయండి.

బోరేట్‌లాగా 1000 డిగ్రీలు అక్కర్లేదు. 800 నుంచి 850 మధ్య అరగంట, గంట చాలు. కార్బొనేట్ పొంగుతుంది, క్రూసిబుల్‌ని సగానికి మించి నింపొద్దు. ఇంకా వేడి పెంచితే టెల్లూరియం ఆవిరై సంఘటనం (ఏ ఆక్సైడ్ ఎంత పాలు అన్నది) మారిపోతుంది.

దేవునికడప:
క్రూసిబుల్ సంగతి నేను చెప్తా. అల్యూమినా వాడితే కరిగిన టెల్లూరైట్ దాన్ని కొంచెం కొంచెం తినేస్తాది. గాజు బాగానే కనపడతాది గానీ లోపల అల్యూమినియం చేరి ఉంటాది. బంగారం లేదా ప్లాటినం మేలు. ప్లాటినంలో అయితే పొడిలో కార్బన్, కాగితం పోగులు లేకుండా చూస్కోవాల. టెల్లూరియం డయాక్సైడ్ ఆక్సిజన్ పోగొట్టుకుని లోహంగా మారిందంటే ప్లాటినాన్ని పట్టేస్తాది, క్రూసిబుల్‌కే చిల్లి.

ఇత్తడి అచ్చుని 280 దగ్గరికి ముందే వేడి చేసి పోయాల. ఈ గాజుకి మెత్తబడే ఉష్ణోగ్రత 300 అటూఇటూ, ఎనీలింగ్ (లోపలి ఒత్తిడి పోయేలా వేడిలో ఉంచడం) దానికంటే 10, 20 డిగ్రీలు కింద, రెండు మూడు గంటలు. మన సీమలో ఎండాకాలం కరెంటు పోతాది కదా, ఫర్నేస్ కంట్రోలర్ కరెంటు వచ్చినాక ఏం చేస్తాదో ముందే ఖాళీ ఫర్నేస్‌తో చూడండి. కొన్ని ప్రోగ్రామ్ మొదటికి పోతాయి, కొన్ని ఆగిన చోటి నుంచి పట్టుకుంటాయి. మొదటికి పోయేదైతే సగం చల్లారిన గాజుని మళ్లీ వేడెక్కిస్తాది, ఒత్తిడి లెక్కంతా పోతాది.

హంద్రీ_ఫోటాన్:
అందరూ చెప్పింది నిజమే గానీ, ఈ పనికి అసలు ప్రాణం తేమే. ఎర్బియం 1530 ఉద్గారం శక్తి సుమారు 6500 సెంటీమీటర్ ఇన్వర్స్ (స్పెక్ట్రాల్లో శక్తి కొలిచే యూనిట్). గాజులో చిక్కుకున్న హైడ్రాక్సిల్ (తేమ వదిలే ఓహెచ్) కంపనం 3000 పైచిలుకు. రెండే కంపనాలు చాలు, ఉత్తేజిత శక్తి మొత్తం వేడిగా పోతుంది. అందుకే ఒకే సంఘటనంతో చేసిన రెండు గాజుల లైఫ్‌టైమ్‌లు వేరువేరుగా వస్తాయి.

హైడ్రాక్సిల్ కొలవడానికి కేబీఆర్ పెల్లెట్ (గాజు పొడిని పొటాషియం బ్రోమైడ్ ఉప్పుతో కలిపి నొక్కిన బిళ్ల) వాడకండి. కేబీఆరే తేమ పీల్చి తన శోషణ పట్టీ చూపిస్తుంది, అది గాజుదో ఉప్పుదో తేలదు. రెండు వైపులా పాలిష్ చేసిన 2 మిల్లీమీటర్ల బిళ్లనే ఎఫ్‌టీఐఆర్‌లో పెట్టండి. వక్రీభవన గుణకం 2 ఉన్న గాజు, ప్రతిఫలనాల వల్లే 80 శాతం మించి పంపదు, అది లోపం అనుకోవద్దు. 2.5 మైక్రాన్ల దగ్గర ప్రసారం 78, 3 మైక్రాన్ల పైన పట్టీ అడుగున 62 అనుకుందాం. 78/62కి సహజ లాగరిథమ్ 0.23, మందం 0.2 సెంటీమీటర్‌తో భాగిస్తే 1.15 పర్ సెంటీమీటర్. ప్రతి గాజు పక్కన ఈ అంకె రాసి ఉంచండి, తర్వాత లైఫ్‌టైమ్ ఎందుకు తగ్గిందో ఇదే చెబుతుంది.

తగ్గించడానికి పొడులు 150–200 డిగ్రీల్లో రాత్రంతా ఆరాలి, కరిగేటప్పుడు పొడి ఆక్సిజన్ పంపాలి. జింక్ ఆక్సైడ్‌లో 5 మోల్ శాతం జింక్ ఫ్లోరైడ్‌గా మారిస్తే ఇంకా దిగుతుంది. ఫ్లోరైడ్ ఆ హైడ్రాక్సిల్‌తో కలిసి హైడ్రోజన్ ఫ్లోరైడ్ వాయువుగా పోతుంది. కాబట్టి ఫ్యూమ్ హుడ్ లేకుండా ఈ దారి వద్దే వద్దు, కాల్షియం గ్లూకోనేట్ జెల్ (ఆ వాయువు, ఆమ్లం తగిలితే పూసే మందు) చేతికందేంత దూరంలో ఉండాలి. అనంతపురం వేసవి పొడిగాలి మీకు వరం. సెప్టెంబరు, అక్టోబరు వానల్లో చేసిన బ్యాచ్‌ల మీద ఆ రోజు గాలి తేమ కూడా రాయండి.

పెన్నాతీరం:
కేబీఆర్ మాట చాలా ఉపయోగం అండీ. లైఫ్‌టైమ్ ఏర్పాటు తక్కువ ఖర్చులో కుదురుతుందా?

కందనవోలు_కాంతి:
కుదురుతుంది. 980 డయోడ్, చాపర్ (కిరణాన్ని ఆపుతూ వదులుతూ తిరిగే బ్లేడు), ఇండియం గాలియం ఆర్సెనైడ్ డిటెక్టర్, ఆసిలోస్కోప్ ఉంటే చాలు. లైఫ్‌టైమ్ 4 మిల్లీసెకన్లైతే చీకటి సమయం కనీసం 20 ఉండాలి, 10 హెర్ట్జ్ దగ్గర తిప్పండి. చాపర్ బ్లేడు దగ్గర కిరణాన్ని ఫోకస్ చేయకపోతే లేజర్ ఆరిపోవడమే నిదానంగా ఉంటుంది.

స్కోప్‌ని 1 మెగా ఓమ్‌లో వదిలేయడం తరచూ జరిగే తప్పు. కేబుల్, డిటెక్టర్ కలిసి 200 పికోఫారాడ్లు ఉంటే 0.2 మిల్లీసెకన్ల ఆలస్యం. 10 కిలో ఓమ్ పెడితే 2 మైక్రోసెకన్లే. లేజర్ చెదురుని ఆపడానికి పాలిష్ చేసిన సిలికాన్ వేఫర్ బాగా పనికొస్తుంది, 1530ని వదులుతుంది. అర మిల్లీమీటర్ వేఫర్ 980ని ఒక శాతంలోపే పంపుతుంది, రెండు పెడితే దాదాపు చీకటే. ఒక్కో వేఫర్ దగ్గర సగం సంకేతం ప్రతిఫలనానికి పోతుందని గుర్తుంచుకోండి.

డయోడ్‌ని కూలర్ మీదే నడపండి. డిగ్రీకి 0.3 నానోమీటర్ జరుగుతుంది, గది వేడెక్కిన కొద్దీ పంప్ (ఎర్బియాన్ని ఉత్తేజపరిచే 980 కాంతి) శోషణ మారుతుంది. 980 కంటికి కనపడదు, దానికి తగిన ఓడీ (ఆ కాంతిని అడ్డుకునే స్థాయి) ఉన్న గాగుల్స్ పెట్టకుండా స్విచ్ వేయొద్దు.

హంద్రీ_ఫోటాన్:
గాజు మందంగా ఉంటే వెలువడిన 1530ని పక్క ఎర్బియం మళ్లీ పీల్చి మళ్లీ వదులుతుంది, లైఫ్‌టైమ్ ఉన్నదానికంటే పెద్దదిగా కనపడుతుంది. అర మిల్లీమీటర్ పలక, అంచు దగ్గర పంప్, తక్కువ పవర్. జడ్-ఓఫెల్ట్ లెక్క (శోషణ పట్టీల నుంచి ఉద్గారాన్ని అంచనా వేసే పద్ధతి) ఇచ్చే రేడియేటివ్ లైఫ్‌టైమ్‌తో పోల్చి సామర్థ్యం 100 శాతం దాటితే, దాన్ని గొప్పగా ప్రచురించొద్దు. రీఅబ్సార్ప్షన్ లేదా అయాన్ల సంఖ్యలో పొరపాటు ఉంటుంది. ఒక్క ఎర్బియం ఆక్సైడ్‌లో రెండు అయాన్లు. సాంద్రత 5.3 అయితే పై బ్యాచ్‌లో ఘన సెంటీమీటర్‌కు సుమారు 2.26 × 10^20 అయాన్లు. రెండుతో గుణించడం మరిచిపోతే ఒమేగాలన్నీ (జడ్-ఓఫెల్ట్ లెక్కలో తేలే అంకెలు) రెట్టింపవుతాయి. 1530 పట్టీలో, ఈ లెక్కలోకి రాని మాగ్నెటిక్ డైపోల్ వాటా తీసేశాకే ఫిట్ చేయాలి.

దేవునికడప:
అబ్బే రిఫ్రాక్టోమీటర్ ఈ గాజుకి పనికిరాదు, మామూలు దాని పరిధి 1.7 దగ్గరే ఆగిపోతాది. హీలియం-నియాన్ లేజర్‌తో బ్రూస్టర్ కోణం (ఒక ధ్రువణ కాంతికి ప్రతిఫలనం మాయమయ్యే కోణం) చూడండి, వక్రీభవన గుణకం 2 అయితే 63.4 డిగ్రీలు వస్తాది. పాలిష్‌కి 400, 800, 1200 గ్రిట్, చివర సీరియం ఆక్సైడ్. బోరు నీళ్లు వద్దు, ఆరినాక ఉప్పు మరకలు పడతాయి. టెల్లూరైట్ దుమ్ము ఒంట్లోకి పోతే ఊపిరికి వెల్లుల్లి వాసన వస్తాది, మాస్క్ తీయొద్దు.

కందనవోలు_కాంతి:
మీ యూవీ-విజిబుల్ 1100 దగ్గరే ఆగిపోతుంది కాబట్టి 1530 శోషణకు బయటికి వెళ్లాల్సిందే. ఐ-స్టెమ్ (దేశంలోని పరిశోధన పరికరాల పోర్టల్)లో పరికరాలు వెతికి బుక్ చేసుకోవచ్చు, ఐఐటీ మద్రాస్ సైఫ్ (బయటివాళ్లకీ కొలిచి ఇచ్చే పరికరాల కేంద్రం) ఉంది, బెంగళూరు మీకు దగ్గర. రెండేళ్ల ఫెలోషిప్‌లో స్లాట్ల కోసం ఆగే కాలమే ఎక్కువ పోతుంది. మొదటి గాజు తయారైన వారమే దరఖాస్తు పెట్టండి. బిళ్లలను పాలిష్ చేసిన ముఖం తగలకుండా లెన్స్ టిష్యూలో విడివిడిగా చుట్టి, సిలికా జెల్‌తో డబ్బాలో పెట్టండి. సంఘటనం, మందం, పోసిన తేదీ డబ్బా మీద కాదు, ప్రతి చుట్టు మీదే రాయండి. నాలుగు బిళ్లలు ఒకే రంగులో ఉంటాయి, అక్కడి ఆపరేటర్ ఏది ఏదో కంటితో పోల్చలేరు.