గురక వదిలేస్తే నిజంగా ప్రాణాపాయమా, మెషీన్లు అమ్ముకునేవాళ్ల భయపెట్టుడా?

తాడిపత్రి_చిన్నోడు
అందరికీ నమస్కారం. మా నాయనకు 57. ఆయన గురక వింటూనే పెరిగినాం, ఎవరం పట్టించుకోలేదు. ఈ మధ్య అమ్మ ఒక సంగతి చెప్పింది. గురక ఉన్నట్టుండి ఆగిపోతుందట. ఛాతీ మాత్రం ఎగసిపడుతూ ఉంటుంది, గాలి లోపలికి పోదు. కాసేపటికి గొంతులో ఏదో తెగినట్టు పెద్ద శబ్దం చేసి మళ్లీ మొదలుపెడతాడట. అమ్మ రాత్రంతా అది లెక్కపెడుతూ కూర్చుంటోంది. అనంతపురంలో డాక్టర్‌కు చూపిస్తే ఇంట్లోనే పెట్టుకునే చిన్న పరికరం ఇచ్చి పంపించాడు. వేలికి క్లిప్పు, ముక్కు కింద సన్న గొట్టం, ఛాతీకి బెల్టు. గంటకు 42 సార్లు శ్వాస ఆగడమో బాగా తగ్గడమో జరిగిందని, రక్తంలో ఆక్సిజన్ 71 శాతం దాకా పడిందని రిపోర్టు. ఇది నిద్రలో శ్వాస ఆగే జబ్బట, స్లీప్ ఆప్నియా అంటారట. రాత్రిపూట మాస్కులోంచి గాలి ఊది గొంతు మూసుకోకుండా చేసే సీపాప్ మెషీన్ పెట్టుకోవాలన్నాడు. నాయన ససేమిరా అంటున్నాడు. "గురకకు మిషనేందిరా, ఊరు నవ్వుతాది" అంటాడు. మా మామ కూడా ఆయన వైపే. వదిలేస్తే నిజంగా ఏమవుతుంది? తెలిసినవాళ్లు చెప్పండి.

మిరపబజ్జి
ఉగ్గాని, బజ్జి తిని పడుకుంటే మా వీధి మొత్తానికి ఇదే జబ్బు.

కొండారెడ్డి_బురుజు
ఇక్కడ గురక అనగానే పదిమంది వచ్చి గుండెపోటు, పక్షవాతం అని బెదరగొడతారు. అందుకే ముందే రాస్తున్నాను. నాకు 66 ఏళ్లు, కర్నూలు. నాకూ ఇదే పరీక్ష చేసి 40 వేల పైన పెట్టి మెషీన్ అంటగట్టారు. అమ్మినవాడు ఇంటికొచ్చి ఒక మాస్కు ముఖానికి కట్టి, స్విచ్ చూపించి, డబ్బులు లెక్కపెట్టుకొని పోయాడు. ఆ తర్వాత ఫోనెత్తితే ఒట్టు. మాస్కు పక్కల నుంచి గాలి కారి కళ్లలోకి కొడుతుంది. తెల్లారేసరికి ముక్కు దూలం మీద పుండు. మే నెలలో కర్నూల్లో అర్ధరాత్రి కూడా గోడలు సెగలు కక్కుతుంటే ఆ రబ్బరు కట్టుకొని పడుకోమనడం ఏం న్యాయం? ఇప్పుడది బీరువా మీద ఉంది.

ఊరికే మాట్లాడుతున్నాననుకోవద్దు. 2016లో సేవ్ అనే పెద్ద పరిశోధన వచ్చింది. అప్పటికే గుండె జబ్బో స్ట్రోకో వచ్చి, నిద్రలో శ్వాస ఆగే జబ్బు కూడా ఉన్న 2,700 మందిని చీటీ వేసి రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ఈ మెషీన్ పెట్టారు. చివరికి గుండెపోట్లూ తగ్గలేదు, స్ట్రోకులూ తగ్గలేదు, చావులూ తగ్గలేదు. మరి దేనికి కొనాలి? బరువు తగ్గమను, రాత్రి తాగుడు మానమను, పక్కకు తిరిగి పడుకోమను. చాలు.

ప్రొద్దుటూరు_అక్క
చిన్నోడా, మీ నాయన బండి నడుపుతాడా? అది ముందు చెప్పు.

ఎందుకు అడుగుతున్నానంటే మా తమ్ముడు లారీ డ్రైవరు. హైదరాబాదు నుంచి బెంగళూరుకు లోడు తీసుకుపోతూ, గుత్తి దగ్గర తెల్లవారుజామున రోడ్డు పక్కన ఆగివున్న లారీని వెనక నుంచి గుద్దినాడు. పోలీసులు రోడ్డంతా చూసినారు, బ్రేకు వేసిన గుర్తే లేదు. తాగి ఉన్నాడేమోనని రక్తపరీక్ష చేస్తే చుక్క లేదు. కాలు పోయింది. ఆసుపత్రిలో ఉండగా నైట్ డ్యూటీ నర్సమ్మ గమనించింది, వీడు కునుకు తీసినప్పుడల్లా మానిటరు మోగుతోంది, లేపితే ఆగుతోంది. క్లిప్పు ఊడిందేమోనని వేలు మార్చి మార్చి పెట్టింది. క్లిప్పు బాగానే ఉంది, పడిపోతున్నది ఆక్సిజనే. అప్పటిదాకా వాడి గురక మా ఇంట్లో నవ్వులాట. పెళ్లిళ్లకు పోతే వాడిని వేరే గదిలో పడుకోబెట్టేవాళ్లం.

కొండారెడ్డి_బురుజు
అమ్మా, మీ తమ్ముడి విషయం వింటే బాధగా ఉంది. కానీ వరసగా రెండు రాత్రులు తోలమనే ఓనర్లను వదిలేసి గురక మీద పడతారేం? నిద్ర లేని మనిషి ఎవరైనా గుద్దుతాడు. దానికో జబ్బు పేరు పెడితే ఓనరు హాయిగా తప్పించుకుంటాడు.

నేను అడిగింది సేవ్ పరిశోధన గురించి. దానికి జవాబు చెప్పండి.

ప్రొద్దుటూరు_అక్క
అన్నా, ఓనరు తప్పు ఓనరుదే. కానీ వీడు ఇంటికొచ్చి పది గంటలు పడుకొని లేచినా, అన్నం ముందు కూర్చొని తూగేవాడు. అది డ్యూటీ వల్ల వచ్చే నిద్ర కాదు.

చిన్నోడా, బండి సంగతి చెప్పలేదు.

తాడిపత్రి_చిన్నోడు
అదీ ఉంది లే అక్కా. ముందు మెషీన్ సంగతి తేల్చుకుందామని.

వేపచెట్టు
రాత్రి తేనె, మిరియాల పొడి నాకిస్తే గురక పోతుందంటారు. మా తాతకు పోయింది.

నిద్రల్యాబ్_తమ్ముడు
కర్నూల్లో నిద్ర పరీక్షలు చేసే టెక్నీషియన్ని, డాక్టర్ని కాను. రిపోర్టులో గంటకు ఎన్నిసార్లు అనే ఆ అంకె 5 నుంచి 15 లోపల ఉంటే తక్కువ, 15 నుంచి 30 మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. 42 అంటే సుమారు నిమిషంన్నరకు ఒకసారి. ఒక్కోటి కనీసం 10 సెకన్లు ఉంటేనే లెక్కలోకి వస్తుంది, చాలామందికి అంతకంటే ఎక్కువే ఉంటుంది. నిద్రలో గొంతు కండరాలు వదులై, నాలుక వెనక్కి జారి దారి మూసుకుంటుంది. ఆక్సిజన్ పడగానే మెదడు ఉలిక్కిపడి మనిషిని సగం లేపుతుంది, గుండె వేగం, బీపీ ఒక్కసారి ఎగుస్తాయి. పొద్దున లేచాక అతనికి ఇదేమీ గుర్తుండదు. అందుకే "నేను బాగానే పడుకున్నా" అని ఒట్టేసి చెబుతారు.

రాత్రిళ్లు బీపీ మామూలుగా దిగాలి, వీళ్లకు దిగదు. మూడేసి మాత్రలు వేసినా బీపీ అదుపులోకి రానివాళ్లను మా దగ్గరికి పంపిస్తుంటారు. గుండె లయ తప్పడం, స్ట్రోకు, షుగరు ముదరడం, అన్నిటికీ దీనితో సంబంధం ఉంది. రాత్రి మాటిమాటికీ ఒంటికి లేస్తుంటే అందరూ షుగరనో ప్రొస్టేటనో అనుకుంటారు. మూసుకున్న గొంతుతో గాలి లాగుతుంటే గుండె గదులు సాగి, మూత్రం ఎక్కువ చేసే హార్మోను వదులుతాయి. దానివల్ల కూడా కావచ్చు.

అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో మామూలు ఉద్యోగులను 18 ఏళ్లు గమనిస్తే, తీవ్రమైన జబ్బు ఉన్నవాళ్లలో మరణాలు లేనివాళ్లతో పోలిస్తే సుమారు మూడింతలు తేలాయి. 2008లో వచ్చిన లెక్క ఇది.

తాడిపత్రి_చిన్నోడు
నాయన రాత్రి నాలుగైదుసార్లు లేస్తాడన్నా. షుగర్ పరీక్ష రెండుసార్లు చేయించినాం, ఏమీ లేదన్నారు.

కొండారెడ్డి_బురుజు
తమ్ముడూ, గమనించి లెక్క కట్టడం వేరు, చీటీ వేసి రెండు గుంపులు చేసి చూడటం వేరు. లావుగా ఉన్నవాళ్లకు గురక ఎక్కువ, గుండె జబ్బూ ఎక్కువ. దేనివల్ల ఏది వచ్చిందో ఎవరు చెప్పాలి? చీటీ వేసి చూసినదాంట్లో మెషీన్ ఓడిపోయింది. ఇంకో మాట, 2021లో ఫిలిప్స్ కంపెనీ తన మెషీన్లను లక్షల్లో వెనక్కి పిలిచింది. లోపలి నురగ పొర చెదిరి ముక్కులోకి పోవచ్చని వాళ్లే చెప్పారు. ఇదీ మీ వైద్యం.

సన్నజాజి_కడప
నేను 48 కిలోలు. నాకూ ఉంది. చిన్న దవడ, దానికి తోడు థైరాయిడ్. లావువాళ్ల జబ్బనే మాట మానండి.

రాయలకోడి
హిందీ సినిమాల సంగీత దర్శకుడు బప్పీ లహరి 2022లో పోయినప్పుడు డాక్టర్లు చెప్పిన కారణం ఇదే కదా?

కొండారెడ్డి_బురుజు
ఆయనకు ఇంకా చాలా జబ్బులున్నాయని కూడా అదే డాక్టర్లు చెప్పారు. సగం వార్త చదవడం మనవాళ్లకు అలవాటు.

ప్రొద్దుటూరు_అక్క
పరిశోధనలు మీరిద్దరూ తేల్చుకోండి. చిన్నోడా, మూడోసారి అడుగుతున్నా. నువ్వు మాట దాటేస్తున్నావంటే ఏదో ఉంది. మీ నాయన ఏం పని చేస్తాడు?

తాడిపత్రి_చిన్నోడు
స్కూల్ వ్యాన్ నడుపుతాడక్కా. సొంత వ్యాన్. పొద్దున ఆరున్నరకు చుట్టుపక్కల ఊళ్లకు పోయి పిల్లల్ని ఎక్కించుకొస్తాడు. మొన్న క్రాసింగ్ దగ్గర రైలు కోసం ఆపి, గేటు లేచినా కదల్లేదట. వెనక హారన్లు కొడుతుంటే ఒక పాప లేచి ఆయన భుజం పట్టి ఊపిందట. ఆ పాప వాళ్లమ్మ మా అమ్మకు చెప్పింది. స్కూల్లో తెలిస్తే తీసేస్తారు. వ్యాన్ మీద ఇంకా లోన్ ఉంది. అందుకే రాయలేదు.

రాయలకోడి
ఓరి దేవుడా.

ప్రొద్దుటూరు_అక్క
రేపు పొద్దున ఆ వ్యాన్ తీయనీయొద్దు. తాళాలు నీ దగ్గర పెట్టుకో. ఇంతమంది ఇన్ని రాస్తుంటే ఇప్పుడా ఈ ముక్క చెప్పేది? కొండారెడ్డి సార్, మీ మాట విని ఈ పిల్లోడు "పక్కకు తిరిగి పడుకో నాయనా" అని ఊరుకుంటే, ఆ పిల్లలకేమైనా అయితే మీ పరిశోధన వచ్చి కాపాడుతుందా?

కొండారెడ్డి_బురుజు
వచ్చింది, తాళాల మాట రానే వచ్చింది. దీనికోసమే ఎదురుచూస్తున్నాను. లైసెన్సుకు మనం ఇచ్చే ఫారంలో మూర్ఛ ఉందా, ఉన్నట్టుండి స్పృహ తప్పుతుందా అని అడుగుతారు. గురక గురించి ఒక్క ముక్క లేదు. ప్రభుత్వానికి లేని బాధ మీకెందుకు? 57 ఏళ్ల మనిషి, లోన్ కట్టుకుంటూ ఇల్లు నడుపుతున్నాడు. గేటు దగ్గర ఒక్కసారి కన్ను మూత పడిందని ఆయన చేతిలో పని లాక్కుంటారా?

ప్రొద్దుటూరు_అక్క
ఫారంలో లేకపోతే జబ్బు లేనట్టా? యూరప్‌లో 2014లోనే లైసెన్సు నిబంధనల్లో దీన్ని చేర్చినారు. మీకు పిల్లల కంటే మీ పంతం ఎక్కువైంది.

నిర్వాహకులు
వ్యక్తిగత దూషణలున్న పోస్టులు తీసేశాం. విషయం మీద మాట్లాడండి.

నిద్రల్యాబ్_తమ్ముడు
సేవ్ మాటే పట్టుకున్నారు కాబట్టి పెద్దాయనకు చెబుతున్నా. అందులో మెషీన్ పెట్టుకున్నవాళ్లు సగటున రాత్రికి 3.3 గంటలే వాడారు. మిగతా నిద్రంతా మెషీన్ లేకుండానే. ఇంకా ముఖ్యమైనది, పగలు విపరీతంగా నిద్ర వచ్చేవాళ్లను, నిద్రమత్తులో ప్రమాదం చేసే అవకాశం ఉన్నవాళ్లను ఆ పరిశోధనలోకి తీసుకోనే లేదు. వాళ్లను మెషీన్ లేకుండా వదిలేయడం తప్పని ముందే పక్కన పెట్టారు. అంటే ఈ అబ్బాయి వాళ్ల నాయన లాంటి మనిషి ఆ 2,700 మందిలో ఉండడు. ఆ ఫలితం ఆయనకు ఎలా అంటగడతారు? మెషీన్ పెట్టుకున్నవాళ్లలో పగటి నిద్ర తగ్గిందని కూడా అదే పరిశోధన చెప్పింది. వైద్యం తీసుకోని డ్రైవర్లకు ప్రమాదాలు రెండింతలకు పైగా అని వేరే లెక్కలున్నాయి, మెషీన్ వాడితే ఆ ప్రమాదం తగ్గుతుందని కూడా తేలింది.

మీ మాస్కు విషయంలో మాత్రం మీకు అన్యాయమే జరిగింది. మాస్కుల్లో సైజులుంటాయి, ముక్కుకు మాత్రమే పెట్టేవి వేరే ఉంటాయి. గాలి కళ్లలోకి కొడుతోందంటే సైజు సరిపోలేదు. మంచి చోట నాలుగు రకాలు పెట్టి చూసి, మీరు పడుకున్న భంగిమలోనే బెల్టు సరిచేసి ఇస్తారు.

కొండారెడ్డి_బురుజు
సరే, ఆ పరిశోధన ఇతనికి వర్తించదనుకుందాం. నా మాట వర్తిస్తుంది. నా రిపోర్టు వచ్చిన రోజు సాయంత్రం నా కొడుకు కారు తాళాలు అడిగి తీసుకున్నాడు. "మాస్కు అలవాటయ్యేదాకే నాన్నా" అన్నాడు. మాస్కు అలవాటు కాలేదు, తాళాలూ రాలేదు. నంద్యాల దగ్గర నా చేను ఉంది. పోవాలంటే వాడికి వీలున్న రోజు వెనక సీట్లో కూర్చొని పోవాలి. వాడికి వీలు దొరకదు. మొన్న పైరు ఎలా ఉందో వీడియో కాల్‌లో చూపించారు నాకు. అందరూ గొంతులో గాలి గురించే మాట్లాడతారు. పేషెంటు అని పేరు పెట్టాక ఇంట్లో మనిషి ఏమవుతాడో ఎవరికీ పట్టదు. ఆ వ్యాన్ ఆయన దగ్గర తీసుకుంటే మళ్లీ ఇవ్వరమ్మా. తీసుకున్న తాళాలు తిరిగిచ్చిన కొడుకును ఒక్కణ్ని చూపించండి.

మిరపబజ్జి
పెద్దాయన ఇప్పుడు అసలు సంగతి చెప్పాడు.

ప్రొద్దుటూరు_అక్క
అన్నా, ఇది మొదట్లోనే చెప్పివుంటే ఇంత రాద్ధాంతం ఉండేది కాదు. నేను తాళాలు తీసుకోమన్నా గానీ బావిలో పడేయమనలేదు. బ్రిటన్‌లో కూడా పగలు నిద్ర వచ్చేవాళ్లను డ్రైవింగ్ ఆపమంటారు, వైద్యంతో అదుపులోకి వస్తే మళ్లీ తోలనిస్తారు. మా తమ్ముడికి ఆ అవకాశం లేకపోయింది. ఈయనకు ఇంకా ఉంది.

నిద్రల్యాబ్_తమ్ముడు
మెషీన్‌లోనే కార్డు ఉంటుంది. ఏ రాత్రి ఎన్ని గంటలు పెట్టుకున్నాడు, శ్వాస ఎన్నిసార్లు ఆగింది, గాలి ఎంత కారింది, అన్నీ అందులో పడతాయి. కొన్ని వారాల తర్వాత అంకె 5 లోపలికి దిగి, పగలు తూగు పోయి, డాక్టర్ సరేనంటే మళ్లీ వ్యాన్ ఎక్కవచ్చు. కొడుకు దయ మీద ఆధారపడే పని లేదు. పెద్దాయనా, మీ కార్డు కూడా తీసుకురండి, మాస్కు మార్చి చూద్దాం.

తాడిపత్రి_చిన్నోడు
నాయనకు పెద్దాయన పోస్టు చదివి వినిపించినా. మిగతావన్నీ వింటూ కసురుకున్నాడు గానీ అది మాత్రం రెండోసారి చదవమన్నాడు. మా చిన్నాన్న కొడుకు లైసెన్సు ఉన్నోడే, రేపటి నుంచి వాడు తోలతాడు. నాయన పక్క సీట్లో కూర్చుంటాడట, ఏ పిల్ల ఏ సందులో దిగుతుందో వాడికి తెలీదని. మెషీన్ ముందు అద్దెకు తీసుకొని చూస్తాం. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద నడుస్తుందా అన్నా?

నిద్రల్యాబ్_తమ్ముడు
నడుస్తుంది. తేమ కోసం నీళ్లు వేడి చేసే భాగాన్ని ఆపేస్తే బ్యాటరీ ఇంకా ఎక్కువసేపు వస్తుంది.

కొండారెడ్డి_బురుజు
ఒకటి చెప్పు చిన్నోడా. ఈ నెల వ్యాన్ డబ్బులు ఎవరి చేతికి వస్తాయి, మీ నాయనకా, తోలేవాడికా?

తాడిపత్రి_చిన్నోడు
నాయనకే. ఆయనే వాడికి రోజు కూలి ఇస్తాడు. తాళాలు కూడా రాత్రిపూట నాయన దగ్గరే ఉంటాయి, పొద్దున వాడు వచ్చి అడిగి తీసుకోవాలి.

కొండారెడ్డి_బురుజు
అట్లయితే సరే. ల్యాబ్ తమ్ముడూ, కర్నూల్లో ఎక్కడికి రావాలో ప్రైవేటు మెసేజ్ పెట్టు. ఆటోలో వస్తాను, మావాడికి చెప్పను.