ఉద్దానంలో ఉంటాం, అమ్మకి సోరియాసిస్ అన్నారు. ఆ వారం బిళ్ళ వేస్తే కిడ్నీలు పోతాయా?

కాశీబుగ్గ కుర్రాడు:

అందరికీ నమస్కారం. మాది పలాస దగ్గర పల్లెటూరు, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం. అమ్మకి 49 ఏళ్ళు, ఇరవై ఏళ్ళుగా జీడిపిక్కల కటింగ్ పనికి వెళ్తోంది. ఆ పనిలో ఉన్నవాళ్ళ చేతులు ఎలా ఉంటాయో ఇటు వాళ్ళకి చెప్పక్కర్లేదు, జీడి (పిక్క పెంకులోంచి కారే రసం) అంటుకుని నల్లబడటం, తోలు ఊడటం మామూలే. అందుకని అరచేతులు పగిలి నెత్తురొస్తున్నా "ఏటవుతాదిరా, జీడి తగిలింది, బూడిద రాసుకుంటే అదే పోతాది" అంటూ నాలుగేళ్ళు లాగేసింది. ఊళ్ళో ఇంజెక్షన్లు చేసే ఒకాయన ట్యూబు ఇచ్చేవారు, రాస్తే వారంలో తగ్గేది, మానేస్తే పది రోజుల్లో రెట్టింపు వచ్చేది. ఎన్ని ట్యూబులు అయ్యాయో లెక్కే లేదు.

సంక్రాంతి వెళ్ళాక అరికాళ్ళు కూడా పగిలి నడవలేకపోతే శ్రీకాకుళం రిమ్స్‌కి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ అరచేతుల కంటే ముందు మోచేతులు చూశారు, జుట్టు పాయ తీసి తల చూశారు, గోళ్ళ మీద సూదితో గుచ్చినట్టు చిన్న చిన్న గుంటలుంటే నన్ను పిలిచి చూపించారు (అమ్మ గోళ్ళు నేను ఇన్నేళ్ళలో ఒక్కసారైనా చూసుకోలేదని అప్పుడు తెలిసింది). సోరియాసిస్ అన్నారు. రక్త పరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే రాసి, రిపోర్టులు చూశాక మెథోట్రెక్సేట్ 2.5 బిళ్ళలు మూడు, వారానికి ఒక్కసారే వేసుకోమన్నారు. ఇంకో బిళ్ళ ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్, రాసుకోడానికి రెండు రకాల ఆయింట్‌మెంటు.

ఇంటికొచ్చాక మొదలైంది గొడవ. మాది ఉద్దానం, మా వీధిలోనే ఇద్దరు డయాలసిస్‌కి వెళ్తున్నారు, మా పెదనాన్న కిడ్నీ జబ్బుతోనే పోయారు. మా అత్త ఎక్కడో విని "అది కేన్సర్ బిళ్ళంట వదినా, కిడ్నీల్ని తినేస్తాదంట" అంది. అంతే, అమ్మ బిళ్ళలు తీసుకెళ్ళి దేవుడి గూట్లో పెట్టేసింది. పన్నెండు రోజులైంది. నిజంగా అంత ప్రమాదమా? పని మానిపిస్తే మందు లేకుండా తగ్గే అవకాశం ఉందా? పొద్దున్నే వేళ్ళు మడత పడటం లేదంటుంది, అది పని వల్లేననుకుంటున్నాను, దానికి నొప్పి బిళ్ళ వేసుకుని వెళ్ళిపోతుంది. ఇంకో బాధ, పనిలో పక్కన కూర్చునే వాళ్ళు ఈ మధ్య అమ్మ గ్లాసులో నీళ్ళు తాగడం లేదంట. అది చెప్పినప్పుడు మాత్రం ఏడ్చింది.

మూడులాంతర్లు:

తమ్ముడూ, మాది విజయనగరం. నాకు పద్నాలుగేళ్ళుగా సోరియాసిస్ ఉంది, ఆ వారం బిళ్ళ రెండు విడతల్లో మూడేళ్ళు వేసుకున్నాను. డాక్టర్ని కాదు గానీ ఈ జబ్బుతో కాపురం చేస్తున్నవాణ్ణి.

ముందు గ్లాసు సంగతి. ఇది అంటుకోదు. ముట్టుకున్నా, ఒకే కంచంలో తిన్నా, ఒకే తువ్వాలు వాడినా రాదు, ఎందుకంటే ఇది క్రిమి వల్ల వచ్చేది కాదు. మన ఒంట్లో రోగాలతో పోరాడే వ్యవస్థే దారి తప్పి మన చర్మాన్ని తొందరపెడుతుంది. మామూలుగా కొత్త చర్మం అడుగు నుంచి పైకొచ్చి రాలిపోవడానికి ఒక నెల పడితే మనకి మూడు నాలుగు రోజుల్లో వచ్చేస్తుంది, ముదరకుండా పచ్చిగానే పైకొచ్చి పేరుకుపోతుంది, ఆ తెల్లటి పొలుసులు అవే. నా పెళ్ళయిన కొత్తలో మా అత్తగారు నా దుప్పటి విడిగా ఉతికించేవారు. డాక్టరు దగ్గరికి ఆవిణ్ణి కూడా తీసుకెళ్ళి ఆయన నోటితోనే చెప్పించాను, నేను వందసార్లు చెప్పినా వినని మాట ఆయన ఒక్కసారి చెబితే విన్నారు. నువ్వు కూడా ఈసారి అమ్మతో పాటు పనిచేసే ఒకామెని తోడు తీసుకెళ్ళు.

పని మానేస్తే పోతుందా అంటే, ఒట్టి జీడి పుండ్లయితే కొన్ని వారాల్లో మానాలి. కానీ మోచేతులకీ తలకీ జీడి తగలదు కదా, అందుకే ఆ డాక్టరమ్మ అక్కడ ముందు చూసి ఉంటారు. అలాగని జీడికి సంబంధమే లేదనుకోకు. ఈ జబ్బున్న వాళ్ళలో కొందరికి చర్మం ఎక్కడ కోసుకున్నా, కాలినా, రాసుకున్నా సరిగ్గా అక్కడే కొత్త మచ్చ లేస్తుంది. కోబ్నర్ అనే జర్మన్ డాక్టరు పేరుతో పిలుస్తారు దీన్ని. నాకు వాచీ పట్టీ కింద, బెల్టు కింద వచ్చేది. మీ అమ్మగారికి రోజంతా చేతులు జీడిలో నానుతున్నాయి, పైన బూడిద. ఆ బూడిద ముందు మానిపించు, అది క్షారం, పగిలిన చర్మాన్ని ఇంకా ఎండగడుతుంది. కుదిరితే కటింగ్ నుంచి గ్రేడింగ్‌కి మార్పించు, అక్కడ పొట్టు తీసిన పప్పే కాబట్టి జీడి అంత తగలదు. మార్చకపోతే లోపల నూలు గ్లవుజులు, పైన రబ్బరువి. పని నెమ్మదవుతుంది, కిలో లెక్కన డబ్బులిచ్చే చోట అది ఎంత నష్టమో నాకు తెలుసు, అయినా చెబుతున్నాను.

రాత్రి పడుకునే ముందు గోరువెచ్చటి నీళ్ళలో పది నిమిషాలు చేతులూ కాళ్ళూ నానబెట్టి, తడి పూర్తిగా ఆరకముందే పెట్రోలియం జెల్లీ గానీ మీ ఇంటి కొబ్బరినూనె గానీ మందంగా పట్టించి పాత నూలు సాక్సులు తొడిగించు. మందు ఆయింట్‌మెంటు ఎప్పుడు రాయాలో డాక్టరు చెప్పినట్టే. పొలుసులు గోకి తియ్యనివ్వొద్దు, సాలిసిలిక్ యాసిడ్ ఉన్న ఆయింట్‌మెంటు ఇచ్చి ఉంటే అదే మెత్తబరిచి తీసేస్తుంది.

వంశధార ఒడ్డు:

బిళ్ళలూ వద్దు ఏమీ వద్దు బ్రదర్. మా వైపు ఒకాయన పొడి ఇస్తారు, తేనెలో కలిపి నలభై రోజులు. వంకాయ, చేపలు, గుడ్డు బంద్. చాలామందికి పూర్తిగా పోయింది. కావాలంటే మెసేజ్ పెట్టు.

బొబ్బిలి బాబాయ్:

పైన పొడి గురించి చెప్పిన అబ్బాయికి కోపం రాకూడదు గానీ, మా మావయ్యకి కూడా ఇలాగే ఒక ఊళ్ళో పొడి ఇచ్చారు. పది రోజుల్లో చర్మం అద్దంలా అయిపోయింది, మేమంతా ఆ మనిషి కాళ్ళకి దండం పెట్టినంత పని చేశాం. రెండు నెలలకి పొడి అయిపోయింది. ఆ తర్వాత వారానికి మావయ్య ఒళ్ళంతా ఎర్రగా కందిపోయి, రేకులు రేకులుగా ఊడి, వేసవిలో చలి వేస్తోందని దుప్పటి కప్పుకుని వణికారు. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంచాం. ఆ పొడిలో స్టెరాయిడ్ కలిపి ఉంటారని, లోపలికి వెళ్ళే స్టెరాయిడ్ సోరియాసిస్ ఉన్నవాళ్ళు వాడి ఒక్కసారిగా ఆపితే ఇలా ఒళ్ళంతా విరుచుకుపడుతుందని అక్కడి డాక్టరు చెప్పారు. అందులో ఏముందో చెప్పని మందు ఏదైనా అంతే బాబూ, చెట్టుదైనా సరే.

పథ్యం సంగతి కూడా చెబుతా. మావయ్య చేత మూడేళ్ళు చేపలు మానిపించారు, ఎండుచేప వాసన వస్తే గుమ్మంలో కూర్చుని ఏడ్చేవాడు పాపం. ఇప్పుడు తింటున్నాడు, చేపల వల్ల పెరిగిందేం లేదు. సారా తాగడం మానేశాక మాత్రం బాగా తేడా కనిపించింది.

నెల్లిమర్ల అక్క:

నేను మందుల షాపులో పన్నెండేళ్ళుగా ఫార్మసిస్టుని. కిడ్నీ ప్రశ్నకి ఎవరూ సూటిగా చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను.

మీ అత్తగారి మాటలో సగం నిజం ఉంది బాబూ. మెథోట్రెక్సేట్ కేన్సర్‌కి కూడా వాడతారు, కానీ అక్కడి మోతాదులు వేరు, చాలా పెద్దవి. వారానికి 7.5 మిల్లీగ్రాముల చిన్న మోతాదు మామూలుగా కిడ్నీల్ని పాడుచెయ్యదు. కానీ ఆ మందు ఒంట్లోంచి బయటికి పోయేది కిడ్నీల ద్వారానే. కిడ్నీ అప్పటికే దెబ్బతిని ఉంటే మందు బయటికి పోక పేరుకుని విషమవుతుంది. అందుకే మొదలుపెట్టే ముందు క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్త పరీక్ష) చూస్తారు. మీది ఉద్దానం, ఇంట్లో ఒకరు కిడ్నీ జబ్బుతో పోయారు, ఈ రెండు ముక్కలూ డాక్టరుకి చెప్పారా? చెప్పకపోతే వెళ్ళి చెప్పండి. అక్కడ పైకి ఏమీ తెలియకుండానే కిడ్నీ దెబ్బతినడం మామూలు కాబట్టి మీ భయాన్ని ఎవరూ తీసిపారెయ్యరు. నిజానికి కిడ్నీని నేరుగా దెబ్బకొట్టే సోరియాసిస్ మందు సైక్లోస్పోరిన్, మీకు రాసింది అది కాదు.

నాకు భయం వేసింది వేరే చోట. మీరు మధ్యలో ఒక్క ముక్క అని వదిలేశారు, పొద్దున్నే వేళ్ళు మడత పడవు, నొప్పి బిళ్ళ వేసుకుని పనికి పోతుంది అని. ఆ నొప్పి బిళ్ళలే, డైక్లోఫెనాక్ లాంటివి, కిడ్నీకి చెడ్డవి, పైగా మెథోట్రెక్సేట్‌ని ఒంట్లో నిలబెట్టేస్తాయి. డాక్టర్ని అడగకుండా ఇకమీదట ఒక్కటి కూడా వద్దు. పైగా లేచాక అరగంట దాటి వేళ్ళు బిగుసుకుని ఉండటం, వేలు మొత్తం వాచిపోవడం, మడమ నొప్పి, గోళ్ళ మీద గుంటలు, ఇవన్నీ కలిస్తే సోరియాసిస్ కీళ్ళలోకి కూడా వచ్చిందేమో చూడాలి. ఆలస్యం చేస్తే కీళ్ళు వంకరపోతాయి, పోయాక తిరిగి రావు. మెథోట్రెక్సేట్ కీళ్ళకి కూడా పనిచేసే మందే కాబట్టి దేవుడి గూట్లో పెట్టేముందు ఇది ఆలోచించండి.

ఇక అసలు ప్రమాదం. వారానికి ఒక్కసారి. ఈ మాట ఇంట్లో అందరికీ తెలియాలి. షుగరు బిళ్ళలాగా రోజూ వేసుకుంటే నోరంతా పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి ప్రాణాల మీదికి వస్తుంది. ఒక పెద్దాయన ఐదు రోజులు వరసగా వేసుకుని, "ఇంకో షీటు ఇయ్యమ్మా" అని నా షాపుకే వచ్చారు. ఆటో ఎక్కించి ఆసుపత్రికి పంపించాను, బతికారు. చాలా కంపెనీల్లో ఇదీ ఫోలిక్ యాసిడూ రెండూ చిన్న పసుపు బిళ్ళలే, చదువు రాని వాళ్ళకి తేడా తెలీదు, కాబట్టి వేర్వేరు డబ్బాల్లో పెట్టి మెథోట్రెక్సేట్ మీ చేతుల్లో ఉంచుకోండి. ఫోలిక్ యాసిడ్ ఆ రోజు కాకుండా డాక్టరు చెప్పిన వేరే రోజు. జ్వరం, నోట్లో పుండ్లు, ఆయాసం, పొడి దగ్గు, వాంతులు విరేచనాలు ఆగకపోవడం, ఇందులో ఏది వచ్చినా తర్వాతి డోసు వెయ్యకుండా డాక్టరు దగ్గరికి. ఊళ్ళో ఎవరైనా జ్వరానికో విరేచనాలకో సెప్ట్రాన్ అనే యాంటీబయాటిక్ ఇస్తామంటే వద్దనండి, ఈ రెండూ కలిస్తే చాలా ప్రమాదం. మొదట్లో దగ్గర దగ్గరగా, తర్వాత రెండు మూడు నెలలకోసారి రక్త పరీక్షలు ఉంటాయి, బాగుంది కదా అని మానకూడదు.

ఆ పాత ట్యూబు పెట్టె ఉంటే వెనక చదవండి. క్లోబెటసాల్ అని ఉంటే అది అన్నింట్లోకీ గట్టి స్టెరాయిడ్లలో ఒకటి, మానేస్తే రెట్టింపు వచ్చేది అందుకే అయి ఉంటుంది. ఫంగస్ మందు, యాంటీబయాటిక్ కలిపి అమ్మే ట్యూబులు చాలా ఉన్నాయి, చీటీ లేకుండా అడిగేవాళ్ళని రోజుకి పదిమందిని వెనక్కి పంపిస్తాను, పక్క షాపులో కొనుక్కుంటారు, అది వేరే విషయం.

మూడులాంతర్లు:

అక్క చెప్పినది ప్రింటు తీసి గోడకి అంటించు తమ్ముడూ. నేనొకటి కలుపుతాను. ఆ బిళ్ళ వేసిన వారానికే తగ్గలేదని మానెయ్యొద్దు, నాకు ఏడో వారంలో గానీ పొలుసు రాలడం తగ్గలేదు. వేసుకున్న మర్నాడు కాస్త వికారం, నీరసం ఉంటుంది, అందుకని నేను రాత్రి భోజనం చేశాక వేసుకునేవాణ్ణి. లైట్ ట్రీట్‌మెంట్ అని ఇంకోటి ఉంది, మంచిదే, కానీ వారానికి రెండు మూడుసార్లు వెళ్ళాలి, పలాస నుంచి కూలి పోగొట్టుకుని బస్సెక్కి ఎన్నాళ్ళు తిరుగుతారు? బయలాజిక్స్ అనే కొత్త రకం ఇంజెక్షన్ల ఖరీదు గురించి ఇప్పుడు మాట్లాడుకోవడం అనవసరం.

కాశీబుగ్గ కుర్రాడు:

అందరికీ చాలా థాంక్స్. నిన్న మళ్ళీ రిమ్స్‌కి వెళ్ళాం. ఉద్దానం అని చెప్పగానే డాక్టరమ్మ క్రియాటినిన్ మళ్ళీ చేయించారు, మూత్ర పరీక్ష కూడా. క్రియాటినిన్ 0.8, అంటే మామూలే, మూత్రంలో ప్రోటీన్ లేదు. వేళ్ళ గురించి చెబితే చేతులకి ఎక్స్‌రే తీయించి ఎముకల డాక్టరుకి చూపించమన్నారు, మీరు అనకపోయుంటే ఆ మాట నేను చెప్పేవాణ్ణే కాదు అక్కా. పాత ట్యూబు మీద క్లోబెటసాల్ అనే ఉంది.

అమ్మ ఒప్పుకుంది, కానీ ఆదివారమే వేసుకుంటానంది. చర్మం జబ్బని వినగానే అరసవల్లి మొక్కుకుందంట, ఆదివారం సూర్యనారాయణమూర్తి వారం కదా, ఎలాగూ ఆ రోజు నీసు ముట్టదు, మర్చిపోయే ప్రశ్నే లేదు అంటుంది. నాకూ అదే బాగుందనిపించింది. క్యాలెండర్‌లో ఆదివారాలన్నీ సున్నా చుట్టాను, వేసుకున్నాక లోపల టిక్కు పెడతాను. ఒక్క డౌటు, పొద్దున్నే ఎండలో కూర్చుంటే మంచిదంటున్నారు, కూర్చోబెట్టొచ్చా?

నెల్లిమర్ల అక్క:

ఎండ సోరియాసిస్‌కి మంచిదే, ఆ లైట్ ట్రీట్‌మెంట్ కూడా ఎండలో ఉండే ఒక రకం కిరణాలతోనే. కానీ మెథోట్రెక్సేట్ వాడుతుంటే కొందరికి చర్మం తొందరగా కందుతుంది, కందితే మూడులాంతర్లు గారు చెప్పిన కోబ్నర్ మళ్ళీ మొదలు. పొద్దున్న పూట ఓ పది నిమిషాలు చాలు, అది కూడా ఈసారి వెళ్ళినప్పుడు డాక్టరమ్మని అడిగాకే. మొదటి ఆదివారం అయ్యాక ఎలా ఉందో ఇక్కడ రాయండి బాబూ.