ఫీట్కారం అంటే ఈలేనా?

గుంటూరు, బ్రాడీపేట:

సభ్యులందరికీ నమస్కారం. క్రీడాభిరామం అనే పాత తెలుగు కావ్యం మళ్లీ చదువుతూ ఒక పద్యం దగ్గర రెండు రోజులుగా ఆగిపోయాను. ఓరుగల్లు వీధుల్లో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే మిత్రులిద్దరూ తిరుగుతుంటే ఒకచోట ఒక స్త్రీ పల్నాటి వీరుల కథ పాడుతూ కనిపిస్తుంది. వాద్యం 'ధుం ధుం ధుం' అని మోగుతుంటుంది. పద్యం ఇలా ముగుస్తుంది:

ద్విపదప్రబంధమున వీరానీకముం బాడె నొ
క్కతె ప్రత్యక్షరముం గుమారకులు ఫీట్కారంబునం దూలగన్

ఆమె గొంతు తీయగా ఉందని గానీ, ఆమె అందగత్తె అని గానీ ఈ పద్యంలో ఒక్క ముక్క లేదు. పాట ఎంత గొప్పగా ఉందో చెప్పడానికి కవి ఎదురుగా ఉన్న కుర్రవాళ్లను చూపించాడు. అక్షరమక్షరానికీ 'ఫీట్' మంటూ వాళ్లు తూలిపోతున్నారు. ఈ కావ్యం వినుకొండ వల్లభరాయుడిదా, శ్రీనాథుడిదా అన్న పాత వాదాన్ని ఇక్కడ తెరవవద్దని మనవి. నా ప్రశ్న ఒక్కటే. ఆ ఫీట్కారం ఏమిటి? నాకైతే ఈల అనిపిస్తోంది. సుమారు ఆరు వందల ఏళ్ల కిందట మన కుర్రవాళ్లు పాట వింటూ ఈల వేశారంటే నాకు చెప్పలేనంత సంతోషం. కానీ సంతోషం ఆధారం కాదు కదా. తెలిసినవారు చెప్పండి.

తెనాలి, సంస్కృత అధ్యాపకుడు:

ధ్వనిని అనుకరించి దానికి 'కారం' చేర్చడం మామూలే. హుంకారం, ఫూత్కారం, సీత్కారం అలా వచ్చినవే. అదే పద్యంలో వాద్యానికి 'కిటాత్కారం' ఉంది, చూడండి. కాబట్టి 'ఫీట్' అన్నది కవి చెవిన పడ్డ శబ్దమే. పెదవులతో వేసిన ఈల కావచ్చు, పళ్ల సందు నుంచి వదిలిన గాలి కావచ్చు. ఒక్క మాటను పట్టుకుని తేల్చలేం.

ప్రేక్షకుల శబ్దాలను పట్టించుకోవడం మాత్రం మనకు చాలా పాత అలవాటు. నాట్యశాస్త్రం ఇరవై ఏడో అధ్యాయం 'సిద్ధి' గురించి, అంటే ప్రదర్శన రక్తి కట్టిందో లేదో తెలుసుకోవడం గురించి. మానుషి, దైవికి అని సిద్ధి రెండు విధాలు. మానుషిలో నోటితో తెలిపేవి చిరునవ్వు, సగం నవ్వు, పెద్ద నవ్వు, 'సాధు', 'అహో', 'కష్టం', ఆపైన ప్రబద్ధనాదం, అంటే సభ మొత్తం ఒక్కటై లేపే హోరు. ఒంటితో తెలిపేవి గగుర్పాటు, లేచి నిలబడడం, పైబట్టలు తీసి ఇవ్వడం వంటివి. 'కష్టం' అన్న మాటను గమనించండి. కరుణరసం పండిన చోట ప్రేక్షకుడి నోట వచ్చే మాట అది. నటుడికి అది మెప్పే. మన 'అయ్యో పాపం' దానికి చెల్లెలు.

దైవికి సిద్ధి వేరు. రంగస్థలం నిండి ఉంటుంది, శబ్దం ఉండదు, కలవరం ఉండదు, ఏ ఉత్పాతమూ ఉండదు.

ప్రదర్శనను చెడగొట్టాలనుకునే శత్రువులు చేసే పనుల పట్టిక కూడా అక్కడే ఉంది. పేడ, మట్టిబెడ్డలు, చీమలు విసరడం! చీమల మాట చదివిన ప్రతిసారీ, ఒంటి మీద పాకుతుంటే పాత్ర విడవకుండా నిలబడ్డ ఆ నటులను తలచుకుని మనసు కలుక్కుమంటుంది.

మాచర్ల:

ఈల కాదండి. మాస్టారు శాస్త్రం చెప్పారు, నేను కళ్లతో చూసింది చెబుతాను. కారంపూడిలో నాగులేటి ఒడ్డున ఏటా కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు ఆ పల్నాటి వీరుల ఉత్సవాలు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని రోజుకో పేరు. వీరవిద్యావంతులు కథ పాడుతుంటే వీరుల ఆయుధాలు పట్టుకున్నవాళ్లు ఊగుతారు. చిన్నప్పుడు మా నాయనమ్మ చేయి పట్టుకుని చూశాను. అప్పటిదాకా మాతో మాట్లాడుతూ నిలబడ్డ మనిషి, పల్నాటి వీరుడు బాలచంద్రుడి పేరు వినగానే మెడ నరాలు బిగిసి, పళ్లు గిట్టకరిచి, ముందుకీ వెనక్కీ ఊగిపోయాడు. నాయనమ్మ నన్ను వెనక్కి లాగి 'దణ్ణం పెట్టు' అంది.

మీరు 'ఫీట్' దగ్గరే ఆగారు. నేను 'తూలగన్' దగ్గర ఆగుతాను. ఆ కుమారకులు సరదాగా వినడానికి వచ్చినవాళ్లు కారు. పాడుతున్నది వాళ్ల దేవుళ్ల కథ. ఈల వేసేవాడు తూలడు, పూనినవాడు తూలుతాడు.

గుంటూరు, బ్రాడీపేట:

మాచర్ల వారికి చేతులెత్తి దణ్ణం. 'తూలగన్' నా కళ్ల ముందే ఉన్నా చూడలేదు. ఇప్పుడు సినిమా హాళ్లలో మొదటి ఆట చూసి వచ్చిన కుర్రవాళ్లు 'పూనకాలు వచ్చేశాయి' అంటుంటే భాష పాడైపోయిందని విసుక్కునేవాడిని. పల్నాటి కథ విని తూలినవాళ్ల మాటే వీళ్ల నోట మిగిలిందన్నమాట. ఇక విసుక్కోను.

నేను చూసిన తూలడం ఇంకొకటి ఉంది. చాలా ఏళ్ల కిందట మా ఊరి వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలో తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల పద్యాలు. 'జెండాపై కపిరాజు' ఎత్తుకున్నారు. నా పక్క కుర్చీలో పంచె కట్టిన పెద్దాయన. ఆయన పెదవులు నటుడి కంటే అర క్షణం ముందు కదులుతున్నాయి. పద్యం అయిపోయి రాగం సాగుతుంటే ఆయన ఒళ్లు కూడా రాగంతో పాటు పక్కకు ఒరిగింది. నా భుజానికి భుజం తగిలినా ఆయనకు తెలియలేదు. రాగం తెగగానే లేచి నిలబడి, చేయి పైకెత్తి, 'వన్స్ మోర్' అన్నాడు. హాలంతా అందుకుంది. కృష్ణుడు నవ్వి, రెండడుగులు వెనక్కి వేసి, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. పెద్దాయన జేబులోంచి పది రూపాయల నోటు తీశాడు. దానికి ముందే పిన్నీసు గుచ్చి ఉంది. ఇంటి నుంచి బయలుదేరేటప్పుడే సిద్ధం చేసుకున్నాడన్నమాట! వేదిక మీదికి వెళ్లి కృష్ణుడి ఉత్తరీయానికి గుచ్చి వచ్చి కూర్చున్నాడు.

ఇంకొక్క మాట. మనం చప్పట్లు 'కొడతాం'. కథ వింటూ ఊఁ 'కొడతాం'. వన్స్ మోర్ కూడా 'కొడతాం'. డప్పుకు, తాళానికి ఏ క్రియ వాడతామో అదే వినేవాడికీ వచ్చింది. తెలుగులో శ్రోత కూడా మేళంలో ఒకడు. బుర్రకథ చూడండి. కథకుడి పక్కన ఇద్దరు వంతలు నిలబడి తందాన తాన అంటూ అందుకుంటారు. ప్రశ్న అడిగేదీ, ఆశ్చర్యపోయేదీ వాళ్లే. ప్రేక్షకుడి పనిని వేదిక ఎక్కించిన కళ అది. పొన్నెకల్లు నాజర్ గారి పేరు తలవకుండా గుంటూరులో ఈ మాట రాయలేను.

విజయవాడ, గవర్నర్‌పేట:

అంతా బాగుంది గానీ, ఇంత గొప్ప శ్రోతలకు 'మళ్లీ పాడు' అనడానికి ఇంగ్లిషు మాట కావలసి వచ్చిందా? అది నాకు లోటుగానే ఉంది.

విజయవాడ, చరిత్ర అధ్యాపకురాలు:

లోటు అనుకోకండి. ఈ విషయంలో అందరూ పొరుగింటి మాటే వాడారు. ఇంగ్లండు ప్రేక్షకులు అరిచేది 'ఆంకోర్' అని, అది ఫ్రెంచి మాట. ఫ్రాన్సులో 'బిస్' అని అరుస్తారు, అది లాటిను, రెండుసార్లు అని అర్థం. మనం, మరాఠీ సంగీత నాటకాల ప్రేక్షకులు 'వన్స్ మోర్' అన్నాం. ఇంగ్లండు నాటకశాలలో చెల్లే మాట 'ఆంకోర్' కాబట్టి మన మాటను వాళ్ల నుంచి అరువు తెచ్చుకున్నామని కూడా అనలేం. ముక్కలు వాళ్లవి, మాట మనది. 'ఆ పద్యానికి మూడు వన్స్ మోర్లు పడ్డాయి' అంటాం. బహువచనం చేరి, 'పడు' క్రియ పట్టిన మాటను పరాయిది అనడం అన్యాయం.

ఈ 'మళ్లీ' గొడవ రాజుల దాకా పోయింది. 1786 మే నెలలో వియన్నాలో మోజార్ట్ సంగీతం కూర్చిన ఫిగరో ఆపెరా, అంటే పాటల నాటకం, మొదలైనప్పుడు జనం ఒక్కో పాటనూ మళ్లీ మళ్లీ పాడించారు. ఆట పొడవు పెరిగిపోయింది. కొద్ది రోజులకే చక్రవర్తి రెండో జోసెఫ్, ఒకరి కంటే ఎక్కువ మంది కలిసి పాడే పాటను మళ్లీ పాడించరాదని ఉత్తరువు ఇచ్చాడు. పంతొమ్మిదో శతాబ్దపు పారిస్‌లో డబ్బు తీసుకుని స్పందించేవాళ్ల దళాలు ఉండేవి. నవ్వేవాళ్లు వేరు, ఏడ్చేవాళ్లు వేరు, 'బిస్' అని అరిచేవాళ్లు వేరు. అంతకు చాలా ముందే రోము చక్రవర్తి నీరో, అలెగ్జాండ్రియా వాళ్ల తాళబద్ధమైన చప్పట్లకు ముచ్చటపడి, తాను పాడేటప్పుడు మెచ్చుకోవడానికి ఐదు వేలకు పైగా యువకులను చేర్చి మూడు రకాల చప్పట్లు నేర్పించాడని రోమన్ రచయిత సుయెటోనియస్ రాశాడు. వాటి పేర్లు రొద, ఇంటి పెంకులు, ఇటుకలు. గుంట చేసిన అరచేతుల చప్పుడు ఒకటి, చదునుగా చాచిన అరచేతుల చప్పుడు ఒకటి అని పండితులు వివరిస్తారు.

మీ పెద్దాయన పిన్నీసు ముందు ఆ ఐదు వేల మంది దిగదుడుపే.

తెనాలి, హార్మోనిస్టు కుమార్తె:

నోటు గుచ్చిన సంగతి చదివి కళ్లు చెమర్చాయి. మా నాన్నగారు పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవారు. 'చదివింపులు' అన్న మాట ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతున్నాను. ఫలానా ఊరు, ఫలానా వారు, ఫలానా పద్యానికి ఇంత చదివించారు అని వేదిక మీద పైకి చదివేవారు. చదివి వినిపించినందుకే అవి చదివింపులు అయ్యాయి. పెళ్లిళ్లలో ఇప్పటికీ ఉన్న మాటే. మాస్టారు చెప్పిన పైబట్టలు తీసి ఇవ్వడం మా ఊళ్లకు వచ్చేసరికి పది రూపాయల నోటు అయింది, అంతే.

పద్యం ముగిసినా నాన్నగారు వెంటనే హార్మోనియం తిత్తి మీద చేయి తీసేవారు కాదు. శ్రుతిని సన్నగా నిలిపి ఉంచి, తల ఎత్తకుండా హాలును వినేవారు. 'వన్స్ మోర్ వస్తుందో రాదో మొదటి ఊపిరిలోనే తెలిసిపోతుందమ్మా' అనేవారు. వచ్చేదైతే వేళ్లు అప్పటికే మొదటి స్వరం మీదికి వెళ్లిపోయేవి.

హరిశ్చంద్ర కాటి సీనులో మాత్రం ఆయన వన్స్ మోర్‌కు ఇష్టపడేవారు కాదు. 'ఇచ్చోటనే' అని జాషువా గారి పద్యాలు మొదలయ్యాక హాలులో గాలి కూడా కదలకూడదనేవారు. ఒకసారి ఒక పల్లెలో పద్యం అయిపోయింది. చప్పట్లు లేవు, కేకలు లేవు. చివరి వరుసలో ఎవరో ముసలమ్మ 'అయ్యో నాయనా' అంది. నాన్నగారు ఇంటికి వచ్చి ఆ రాత్రి ఆ ఒక్క మాటే చెప్పారు. దానికి నాట్యశాస్త్రంలో 'కష్టం' అని పేరుందని ఆయనకు తెలియదు. తెలిసి ఉంటే ఎంత పొంగిపోయేవారో.

గుంటూరు, బ్రాడీపేట:

అమ్మా, మీ నాన్నగారు చెప్పింది దైవికి సిద్ధి.

ఫీట్కారం ఈల అన్న నా మాటను వెనక్కి తీసుకుంటున్నాను. పూర్తిగా కాదు, సగమే. ఎందుకంటే ఈలకు మా జిల్లాలో ఒక గౌరవం ఉంది. సుద్దపల్లిలో 1901లో పుట్టిన కల్యాణం రఘురామయ్య గారు కృష్ణుడి వేషంలో నోట వేలు పెట్టుకుని ఈలతో రాగం పాడితే, మురళి లేదన్న లోటు ఎవరికీ తోచలేదు. 'ఈలపాట' ఆయన ఇంటిపేరు అయింది. నేలమీద కూర్చున్నవాడి ఈల వేదిక ఎక్కి పద్యాన్ని మోసింది. ఆ ఈల మీద మమకారమే నాచేత ఆ అర్థం చెప్పించింది.

మాచర్ల అన్నగారూ, వచ్చే కార్తీక అమావాస్యకు నేను కారంపూడి వస్తున్నాను. నరసరావుపేట మీదుగా బస్సులో వస్తాను. తెనాలి మాస్టారు కూడా వస్తామన్నారు. వీరవిద్యావంతులు అనుమతిస్తే ఫోనులో రికార్డు చేద్దాం, లేదంటే చెవులతోనే పట్టుకుందాం. పాట వినను, ముందే చెబుతున్నాను. పాడేవాళ్లకు వీపు పెట్టి, వినేవాళ్ల ముఖాలు చూస్తూ నిలబడతాను.

మాచర్ల:

రండి. ఐదు రోజులూ ఉండేలా రండి. మందపోరు నాడు తోపులాట ఎక్కువ, మా ఇంట్లోనే దిగండి. వీపు పెట్టి నిలబడడం మాత్రం కుదరదు. దణ్ణం పెట్టాలి.