ఆకాశవాణిలో ఒకప్పుడు సినిమా పాటలు ఎందుకు వేసేవారు కాదు?

గుణదల శ్రోత:
పాత ఫిలిప్స్ రేడియో బాగు చేయించాను. 837 కిలోహెర్ట్జ్ దగ్గర ఆకాశవాణి విజయవాడ కేంద్రం పలుకుతోంది గానీ పగలంతా గరగర, చీకటి పడితే వేరే కేంద్రాలు మీదికి వచ్చేస్తున్నాయి. దీనికి ఏమైనా ఉపాయం ఉందా? ఇంకొకటి. ఒకప్పుడు ఆకాశవాణిలో సినిమా పాటలు దాదాపు వేసేవారే కాదని మా తాతయ్య అంటారు. నా చిన్నతనంలో రోజూ వినేవాళ్లం కదా, ఎందుకలా మారింది?

కాలువగట్టు:
తాతయ్యగారి మాట నిజమే. 1952లో కేంద్ర సమాచార ప్రసార మంత్రి అయిన బి.వి. కేస్కర్‌కు సినిమా పాటంటే గిట్టేది కాదు. ఆకాశవాణిలో వాటి వాటా బాగా తగ్గించారు. జనం శ్రీలంక నుంచి వినిపించే రేడియో సిలోన్‌ వైపు ముల్లు తిప్పేశారు. అక్కడ తెలుగు కార్యక్రమం వినిపించిన మీనాక్షి పొన్నుదురై గొంతు గుర్తున్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పోయిన శ్రోతలను వెనక్కి రప్పించుకోవడానికే 1957 అక్టోబరు 3న ఆకాశవాణి వారి వినోద ప్రసార సేవ వివిధ భారతి పుట్టింది.

వేకువ రాగం:
పైన చెప్పినదంతా సరే. కానీ ఆ కాలాన్ని పాటల కరువుగా మాత్రమే చూస్తే నాకు బాధగా ఉంటుంది. సినిమా పాట లేని చోట ఏదో ఒకటి వినిపించాలి కదా! అందుకే కేంద్రాలు సొంతంగా లలిత సంగీతం, అంటే సినిమాతో పనిలేని తేలికైన పాటలు, తయారు చేసుకున్నాయి. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ కేంద్రానికి ఆ విషయంలో గొప్ప అదృష్టం పట్టింది. అక్కడ పనిచేసిన బాలాంత్రపు రజనీకాంతరావు పాట రాసేవారు, బాణీ కట్టేవారు, పాడేవారు. పొద్దున్నే వచ్చే భక్తి పాటల కార్యక్రమం భక్తిరంజనికి బాలమురళీకృష్ణ గొంతు ఉండేది. ఓలేటి వెంకటేశ్వర్లు "సంగీత శిక్షణ" కార్యక్రమంలో పంక్తి పంక్తిగా నేర్పుతుంటే, ఇంట్లో గురువు లేని ఆడపిల్లలు నోటుపుస్తకంలో పాట మాటలు రాసుకుని ఆయనతో పాటు పాడేవారు. మా అమ్మ అలాగే నేర్చుకుంది. పాటలో ఒక సంగతి (ఒకే పంక్తిని మార్చి పాడే తీరు) పట్టుబడకపోతే మరుసటి వారం దాకా దాన్నే కూనిరాగం తీస్తూ తిరిగేది.

"ఈ మాసపు పాట" కార్యక్రమంలో అయితే నెలంతా ఒకే గీతం. మొదటి వారం కొత్తగా తోచేది, చివరి వారానికి వంటింట్లో అందరి నోటా అదే.

సినిమా పాటలు రావడం తప్పని నేననను, జనం కోరారు, వచ్చాయి. కేంద్రం తన సొంత పాట కట్టించుకోవడం తగ్గించుకోవడమే నష్టం. ఇప్పుడు ఎఫ్.ఎం.లన్నీ తిప్పి చూడండి, ఏ ఊరి స్టేషనో పాటను బట్టి చెప్పగలరా?

గుణదల శ్రోత:
చాలా సంతోషమండీ. మీ అమ్మగారి పుస్తకం ఉంటే భద్రపరచండి. మరి గరగర సంగతి?

కాలువగట్టు:
ముందు ఇంట్లో ఎల్.ఇ.డి. బల్బులు, ఫోను ఛార్జర్లు ఒక్కొక్కటీ ఆపి చూడండి, విజయవాడ కేంద్రం వచ్చే మీడియం వేవ్‌కు వాటి బెడద ఎక్కువ. రేడియో లోపలి ఏరియల్ ఫెరైట్ కడ్డీ (తీగ చుట్టిన నల్లటి కడ్డీ) అయితే దానికి దిక్కుతో పని. సెట్టును బల్లమీదే నెమ్మదిగా తిప్పుతూ ఎక్కడ స్పష్టంగా పలుకుతుందో అక్కడ ఆపండి. రాత్రి మాత్రం దూరపు కేంద్రాల తరంగాలు అయనోవరణం (ఆకాశంలో చాలా ఎత్తున ఉండే విద్యుదావేశపు పొర) నుంచి వెనక్కి తిరిగి వస్తాయి, అది ఏ మెకానిక్కూ ఆపలేడు. భక్తిరంజని పొద్దున్నే కాబట్టి, తెల్లవారాక వింటే మీకా ఇబ్బంది ఉండదు.