కదిలే పోర్ట్రెయిట్లు ఎన్‌ఎఫ్‌టీగ అమ్ముదామనుకుంటున్న, జర తెల్సినోళ్లు చెప్పుండ్రి

స్టూడియో_నల్లగొండ:

అన్నలకు అక్కలకు నమస్తే. నల్లగొండల మాది చిన్న ఫోటో స్టూడియో, పెండ్లిల్లు, హాఫ్ శారీ ఫంక్షన్లు, పాస్‌పోర్ట్ ఫోటోలు, గివే పని. ఖాళీ దొరికితే నా సొంతానికి ఇంకోటి చేస్తున్న, మనిషి ఫోటోలో ఉన్నట్టే కదలకుండ ఉంటడు గాని ఏదో ఒక్కటి మాత్రం కదులుతనే ఉంటది, సినిమాగ్రాఫ్ అంటరు గదా గదే. దేవరకొండ దిక్కు ఒక గొర్ల కాపరి తాతది తీసిన, నల్ల గొంగడి కప్పుకొని బీడీ పట్టుకొని కూసున్నడు, మొఖం కదలదు, రెప్ప గూడ కొట్టడు, పొగ ఒక్కటే లేస్తుంటది, గొంగడి అంచుకు ఊడిన దారం గాలికి ఊగుతది. ఫోన్ల చూపిస్తే "నేను సచ్చినంక గూడ గిట్లనే తాగుకుంట కూసుంటనార" అని ఒకటే నవ్వుడు.

ఇసొంటియి ఒక సిరీస్ లెక్క చేసి డిజిటల్ ఆర్ట్ కింద అమ్ముదామని ఉన్నది. ఎన్‌ఎఫ్‌టీ, అంటె ఈ బొమ్మ ఫలానోళ్లదని ఆన్‌లైన్ పబ్లిక్ చిట్టాల రాసిపెట్టే డిజిటల్ టోకెన్, ఇంకా నడుస్తుందా లేదా, జిఫ్ పెట్టాల్నా వీడియో పెట్టాల్నా, తాత దగ్గర కాయిదం ఏమన్న రాయించుకోవాల్నా? పెండ్లిళ్లల్ల తీసిన మంచి మంచి క్లిప్పులు గూడ ఉన్నయి, అవి గూడ పెట్టొచ్చా?

పాలమూరు_లెన్స్:

తమ్మీ పని మంచిగున్నది, ఆపకు. ఇగ మార్కెట్ ముచ్చటకొస్తే, 2021 మార్చిల క్రిస్టీస్ వేలంల బీపుల్ అనే ఆర్టిస్టు ఎన్‌ఎఫ్‌టీ బొమ్మ 6.93 కోట్ల డాలర్లకు పోయిందని అందరు అదే చూపిస్తరు, అది చూసి దిగితే ఆగమైతవ్. ఆ ఊపు 2022ల్నే దిగిపోయింది. ఇంకో మాట, ఒకసారి అమ్మినంక అది చేతులు మారిన ప్రతిసారి మనకు రాయల్టీ వస్తదని మొదట్ల అందరు ఆశపడ్డరు గదా, 2023 ఆగస్టు ఆఖరు నుంచి ఓపెన్‌సీల, అంటె ఎన్‌ఎఫ్‌టీలు అమ్మే పెద్ద వెబ్‌సైట్ల, అది తప్పనిసరి కాదన్నరు, అన్నిటికి వస్తదని గ్యారంటీ లేదు.

అయినా పెడ్తనంటే ఆ చిట్టా నడిపే నెట్‌వర్కులు వేరేవేరే ఉంటయి, ఎథీరియం మీద గ్యాస్ ఫీజు, అంటె చిట్టాల ఎక్కించే రుసుం, 2021 ఊపుల ఒక్కోసారి బొమ్మ ధరనే మింగేది, టెజోస్ మీద ఆ ఖర్చు చానా తక్కువ, ప్రయోగాలు చేసే ఆర్టిస్టులు అటు దిక్కు మస్తుమంది పోయిండ్రు. ఎన్‌ఎఫ్‌టీ కరెంటు బాగ తింటదని ఎవరన్న అంటే అది పాత ముచ్చట, 2022 సెప్టెంబర్‌ల ఎథీరియం పద్ధతి మార్చినంక కరెంటు వాడకం 99 శాతం కంటె ఎక్కువనే తగ్గింది. ఒకటి యాదికుంచుకో, టోకెన్ల నీ వీడియో ఉండదు, చానావాటిల్ల అది ఎక్కడున్నదో చూపే లింకు మాత్రమే ఉంటది. ఆ ఫైల్ దాసిపెట్టే సర్వర్ మూతపడ్డదంటే కొన్నోని చేతిల ఉత్త లింకే మిగుల్తది. ఐపీఎఫ్ఎస్ మీద, అంటె ఒక్క సర్వర్ మీద ఆధారపడకుండ ఫైల్ దాసే నెట్‌వర్క్ మీద పెట్టి, అది పోకుండ పిన్ చేయించు.

గడియారం_సెంటర్:

జిఫ్ ముట్టకు భయ్యా. అది 1987 నాటి ఫార్మాట్, ఫ్రేముకు 256 రంగులే పడ్తది. నువ్వు చెప్పిన ఆ నల్ల గొంగడి, దాని మీద నుంచి పోయే తెల్ల పొగ, జిఫ్‌ల పెడితే గొంగడి మెట్లు మెట్లు పడ్తది, పొగ చుక్కలు చుక్కలైతది. ఎంపీ4 చెయ్యి, చివర్ల కొద్దిగ గ్రెయిన్, అంటె సన్న రవ్వ లెక్క కొట్టు, నీడల గీతలు కనవడయి.

అసలు కష్టం లూప్ కలిపేకాడ ఉంటది. చానామంది క్లిప్‌ను ముందుకు ఆడిచ్చి మళ్ల ఎనక్కు ఆడిస్తరు, దారం ఊగుడుకు అది నడుస్తది గని పొగకు పెడితే తాత నోట్లకెళ్లి పోయిన పొగ మళ్ల నోట్లకే వస్తది, నవ్వుతరు చూసినోళ్లు. క్లిప్‌ను మధ్యల కోసి రెండో సగం ముందు పెట్టు, మొదటి సగం ఎనక పెట్టు, నడిమిట్ల అతుకు కాడ డిజాల్వ్ ఇయ్యి, అంటె ఒకటి కరుగుతుంటె ఇంకోటి తేలాలె. అప్పుడు ఆఖరి ఫ్రేము మొదటి ఫ్రేముతోని దానంతట అదే కలుస్తది, ఎందుకంటే అవి రెండు ఒరిజినల్‌ల పక్కపక్కనే ఉన్నయి గదా. మొఖం మీదికి ఒక్క స్టిల్ ఫ్రేమ్ పరిచి పొగ లేసే జాగల మాస్క్ తియ్యి, అంటె అక్కడ కిటికీ లెక్క కోసి కింది వీడియో కనవడనియ్యి, పొగ మీసం మీదికెళ్లి పోతుంటె మాత్రం మాస్క్ అంచు బాగ మెత్తగ పెట్టాలె లేకుంటె మీసం కాడ పొగ కత్తెర పెట్టినట్టు తెగిపోతది.

ఇంట్ల ఎల్ఈడీ లైట్ల కింద తీస్తే ఇంకో తలనొప్పి. మన కరెంటు 50 హెర్ట్జ్, కెమెరా ఎన్‌టీఎస్‌సీ సెట్టింగ్‌ల ఉండి 30 ఫ్రేములు తీస్తుంటె బొమ్మ మీద వెలుగు కొట్టుకుంటది, లూప్‌ల అది ఇంకా బాగ తెలుస్తది. పీఏఎల్ సెట్టింగ్‌కు మార్చి 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టు. బయట తీసినా ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ లాక్ చెయ్యాలె, మబ్బు ఒక్కటి అడ్డమొచ్చినా అతుకు కాడ దొరికిపోతవ్.

జూనియర్_వకీలు:

పెండ్లి క్లిప్పులు పెట్టకండి బ్రదర్. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, పైసలిచ్చి ఎవరన్నా ఫోటో తీయించుకుంటే, వేరే ఒప్పందం లేకుంటే, దానికి మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే, మీరు కాదు. పెండ్లికూతురు అమెరికా పోయినంక తన జడకుచ్చులు ఊగే క్లిప్ ఎన్‌ఎఫ్‌టీల కనపడిందనుకోండి, నోటీసు మీకే వస్తది.

తాత కథ వేరే, ఎవ్వరూ మీకు పైసలియ్యలేదు, మీ అంతట మీరు తీసిండ్రు, కాపీరైట్ మీదే. కాని మొఖం ఆయనది గదా. తెలుగుల ఒక్క పేజీ రాసి, ఇంటర్నెట్ల పెట్టి అమ్ముతున్న అని సాఫ్‌గ రాసి, ఆయనకు చదివి వినిపించి వేలిముద్ర తీస్కోండి, ఇంట్లోళ్లు ఇద్దరు సాక్షి సంతకం పెడితే ఇంకా మంచిది. అమ్ముడుపోతే ఆయనకెంతో అది గూడ అండ్లనే రాయండి, ఆయన నవ్వి ఒప్పుకున్నడని వదిలెయ్యకండి. ఇంకోటి, టోకెన్ కొన్నంత మాత్రాన కాపీరైట్ కొన్నట్టు కాదు, అది రాతపూర్వకంగ రాసిస్తేనే మారుతది, అమ్మే పేజీల ఆ మాట పెట్టండి.

ట్యాక్స్ సంగతి, 2022 బడ్జెట్ నుంచి ఎన్‌ఎఫ్‌టీలు, క్రిప్టో అమ్మిన లాభం మీద 30 శాతం, పైన సెస్. కొన్న ధర తప్ప ఇంకే ఖర్చు తీసెయ్యనియ్యరు, ఒకదాంట్ల నష్టమొస్తే ఇంకోదాంట్ల సర్దుకోనియ్యరు. కెమెరా ఖర్చు, దేవరకొండకు పోయిన పెట్రోల్ లెక్కలకు రావు. ఆడిటర్‌ను కలిసినంకనే దిగండి.

మిర్యాలగూడ_బావ:

ఇంత తిప్పలెందుకు బావా. యాదగిరిగుట్ట దుకాణాలల్ల అటు ఇటు వంపితే దేవుడు మారే ఫోటోలుంటయి చూడు, లెంటిక్యులర్ అంటరు, తాతది మూడు నాలుగు ఫ్రేములు తీసి అట్ల ప్రింట్ కొట్టియ్యి, కొన్నోడు గోడకు పెట్టుకుంటడు, 30 శాతం గోల లేదు లింకు గోల లేదు. టోకెన్ కొన్నోడెవడో దుబాయిల ఉండి మళ్ల ఎక్కువకు అమ్మొచ్చని కొంటడు గని తాత మొఖం సూడనీకె కొంటడా?

స్టూడియో_నల్లగొండ:

అందరికి థ్యాంక్స్. పెండ్లియి పక్కకు పెట్టేసిన. బావ చెప్పిన లెంటిక్యులర్ ఐడియా నాకు మస్తు నచ్చింది, పొగ అండ్ల పడ్తదా గడియారం అన్నా? టోకెన్ మాత్రం తాతది ఒక్కటి టెజోస్ మీద పెట్టి చూస్త, కాయిదం రాయించినంకనే.

గడియారం_సెంటర్:

పొగ పడదు భయ్యా, ఒక ఫ్రేమ్ మీద ఇంకో ఫ్రేమ్ నీడ కనపడ్తది, ఏది పొగనో ఏది నీడనో తెల్వకుంటైతది. ఖుల్లంఖుల్ల తేడా ఉన్నదే పడ్తది, కండ్లు మూసింది ఒకటి తెరిసింది ఒకటి అట్ల. తాతను ఈసారి బీడీ లేకుంట కూసోబెట్టి మొఖం అటు ఇటు తిప్పమని తియ్యి, ట్రైపాడ్ మాత్రం కదలొద్దు.