పెళ్లి ఫుటేజ్ క్లౌడ్‌లో పెట్టి రెండు ఊళ్ల నుంచి ఎడిట్ చేయడం ఎలా అండి?

కాకినాడ_కట్స్
నమస్తే అండి అందరికీ. నేను కాకినాడలో పెళ్లిళ్లు షూట్ చేస్తాను, ఎడిటింగ్ మా బావమరిది చేస్తాడు, ఇద్దరిదీ విండోస్, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ ప్రో. మొన్నటిదాకా వాడు ఇక్కడే ఉండేవాడు కాబట్టి హార్డ్ డిస్క్ చేతికిస్తే అయిపోయేది, ఇప్పుడు హైదరాబాద్ వెళ్లిపోయాడు. ఈసారి ఫుటేజ్, ప్రాజెక్ట్ ఫైల్ మొత్తం ఒక క్లౌడ్ ఫోల్డర్‌లో పడేసి ఇద్దరం అందులోంచే ఓపెన్ చేశాం. అప్‌లోడ్‌కే రెండు రోజులు పైన పట్టింది, తీరా వాడికి టైమ్‌లైన్ కదలట్లేదు, సగం క్లిప్పులు ఎర్రగా మీడియా ఆఫ్‌లైన్, అంటే ఫైల్ దొరకట్లేదు అని వస్తున్నాయి. అన్నిటికంటే బాధేంటంటే రాత్రి నేను తలంబ్రాల బిట్ సరిచేశాను, అదే టైమ్‌లో వాడు జీలకర్ర బెల్లం బిట్ కట్ చేశాడు, పొద్దున్నకి రెండు ప్రాజెక్ట్ ఫైళ్లు ఉన్నాయి, ఒకదాంట్లో నా పని ఒకదాంట్లో వాడి పని. పెళ్లికూతురు నాన్నగారు రోజూ ఫోన్ చేస్తున్నారు. 2 టీబీ ప్లాన్ తీసుకుంటే సరిపోతుందా?

ప్రాక్సీ_పిచ్చి
ప్లాన్ ఇప్పుడే కొనకండి అండి, ఇది చోటు తక్కువై వచ్చిన సమస్య కాదు.

ముందు ఆ రెండు ఫైళ్ల సంగతి, కంగారు పడొద్దు, ఏ పనీ పోలేదు. మీ ప్రాజెక్ట్ ఓపెన్ చేసి ఇంపోర్ట్‌లో ఆయన ప్రాజెక్ట్ ఫైల్ సెలెక్ట్ చేస్తే సీక్వెన్సులు (కట్ చేసిన టైమ్‌లైన్లు) మాత్రమే తెచ్చుకునే ఆప్షన్ వస్తుంది, జీలకర్ర బెల్లం సీక్వెన్స్ తెచ్చి మీ దాంట్లో కలిపేయండి.

ఇక అసలు విషయం. 4కె ఫుటేజ్ 100 ఎంబీపీఎస్‌లో తీస్తే గంటకి 45 జీబీ. రెండు కెమెరాలు ఐదేసి గంటలంటే 450 జీబీ, అప్‌లోడ్ స్పీడ్ 20 ఎంబీపీఎస్ ఉంటే ఆగకుండా ఎక్కినా 50 గంటలు. స్ట్రీమింగ్ మోడ్‌లో ఉంటే బావమరిది గారి ఫోల్డర్‌లో ఫైల్ పేరు కనిపిస్తుంది గానీ డేటా ఇంకా ఆయన డిస్క్‌లోకి దిగి ఉండదు, ప్రీమియరేమో ఒకేసారి పది క్లిప్పుల్లో తలో ముక్కా అడుగుతుంది, ఇక ఎలా కదులుతుంది చెప్పండి.

అందుకే ఒరిజినల్స్ మీ దగ్గరే ఉండనివ్వండి, ఆయనకి ప్రాక్సీలు, అంటే అదే ఫుటేజ్‌కి తక్కువ సైజు కాపీలు పంపండి. కాకినాడలోనే ప్రాజెక్ట్ మొదలుపెట్టి, క్లిప్పులన్నీ సెలెక్ట్ చేసి క్రియేట్ ప్రాక్సీస్ కొట్టండి, మీడియా ఎన్‌కోడర్ చేసుకుపోతుంది. 720పీ, 5 ఎంబీపీఎస్ పెడితే ఆ పది గంటల ఫుటేజ్ మొత్తం 22, 23 జీబీ, రెండున్నర గంటల్లో ఎక్కేస్తుంది. గూగుల్ ఫ్రీగా ఇచ్చే 15 జీబీ చాలదు గానీ 100 జీబీ ప్లాన్ బోలెడు సరిపోతుంది. ఆయన ప్రాక్సీలు తన డిస్క్‌లోకి పూర్తిగా డౌన్‌లోడ్ చేసుకోవాలి, స్ట్రీమింగ్ వద్దే వద్దు. ఎడిట్ అయ్యాక ప్రాజెక్ట్ ఫైల్ ఒక్కటే వెనక్కి వస్తుంది, ఫైనల్ ఎక్స్‌పోర్ట్ మీ దగ్గర ఒరిజినల్స్ నుంచి.

మీడియా ఆఫ్‌లైన్ గొడవకి ఇద్దరి హార్డ్ డిస్క్‌కీ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఒకే డ్రైవ్ లెటర్ ఇచ్చి లోపల ఫోల్డర్లు కూడా అచ్చం ఒకేలా పెట్టుకోండి. సోనీ కెమెరా అయితే ప్రతి కార్డులో సీ0001 అనే పేరే మళ్లీ రావచ్చు, రీలింక్ చేసేటప్పుడు, అంటే క్లిప్‌కి దాని ఫైల్ మళ్లీ చూపించేటప్పుడు ముహూర్తం బదులు హల్దీ క్లిప్ వచ్చి కూర్చుంటుంది. ప్రాక్సీలు చేయకముందే కెమెరా పేరు, కార్డు నంబర్ కలిపి రీనేమ్ చేసేయండి.

ఇంకోటి, ప్రాజెక్ట్ ఫైల్ ఒక టైమ్‌లో ఒక్కరి దగ్గరే ఉండాలి. మేము వాట్సాప్‌లో "నేను తీసుకున్నా" "వదిలేశా" అని పెట్టుకుంటాం, ప్రతిసారీ తేదీతో కొత్త పేరు పెట్టి సేవ్ చేస్తాం.

డల్లాస్_నైట్‌షిఫ్ట్
మేము యూట్యూబ్ ఛానెల్ కోసం డల్లాస్, వరంగల్ నుంచి కలిసి చేస్తాం, మా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్చి రిజాల్వ్. 2022లో 18వ వెర్షన్‌తో బ్లాక్‌మ్యాజిక్ క్లౌడ్ వచ్చింది, అందులో ఇద్దరం ఒకే ప్రాజెక్ట్‌లో ఉండొచ్చు, నేనొక బిన్ (ప్రాజెక్ట్ లోపలి ఫోల్డర్) ఓపెన్ చేస్తే అది లాక్ అయి అవతలి వాళ్లకి చూడటానికి మాత్రమే వస్తుంది, కాబట్టి మీకైనట్టు రెండు కాపీలవ్వవు. కానీ అన్నా, ఫుటేజ్ బరువు దానివల్ల తగ్గదు, మేమూ ప్రాక్సీలే పంపుకుంటాం. ఒరిజినల్స్ క్లౌడ్‌లోనే ఉంచి ముక్కలు ముక్కలుగా స్ట్రీమ్ చేసే లూసిడ్‌లింక్ లాంటివి ఉన్నాయి గానీ నెలనెలా డబ్బు కట్టాలి, నెలకి రెండు మూడు పెళ్లిళ్లకైతే నేను తీసుకోమని చెప్పను.

అక్షరాలు
ఫాంట్లు మర్చిపోకండి సార్. యూనికోడ్ కాని అను ఫాంట్స్‌తో టైటిల్ టైప్ చేసి పంపితే, ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో పెళ్లికూతురు పేరు అర్థంలేని గుర్తులుగా కనిపిస్తుంది. యూనికోడ్ తెలుగు వాడి ఫాంట్ ఫైల్ కూడా ప్రాజెక్ట్‌తో పంపండి, ప్రీమియర్ గ్రాఫిక్స్ ప్రిఫరెన్సెస్‌లో సౌత్ ఏషియన్ సెలెక్ట్ చేయకపోతే వత్తులు విడిపోతాయి. ప్రీమియర్ వెర్షన్ కూడా ఇద్దరిదీ ఒకటే ఉండాలి, కొత్త దాంట్లో సేవ్ చేసింది పాత దాంట్లో ఓపెన్ అవ్వదు.

కాకినాడ_కట్స్
చాలా థాంక్స్ అండి. సీక్వెన్స్ ఇంపోర్ట్ చేశాను, రెండు బిట్లూ ఒకే ప్రాజెక్ట్‌లోకి వచ్చేశాయి, రాత్రి ప్రశాంతంగా పడుకున్నాను. సంగీత్ ఫుటేజ్ 40 నిమిషాలకి ప్రాక్సీలు చేసి పంపితే వాడికి పాత ల్యాప్‌టాప్‌లో కూడా హాయిగా ఆడుతోంది. ఒక్క కెమెరా క్లిప్పులకి మాత్రం, వేరే సాఫ్ట్‌వేర్‌లో చేసిన ప్రాక్సీలు అటాచ్ అవ్వట్లేదు, ఎందుకంటారు?

ప్రాక్సీ_పిచ్చి
ఆడియో ఛానెల్స్ చూడండి. ఒరిజినల్‌లో నాలుగుండి ప్రాక్సీలో రెండే ఉంటే ప్రీమియర్ ఒప్పుకోదు, ఎన్‌కోడర్‌లో అదే సంఖ్య పెట్టి మళ్లీ చేయండి. ఇంకో కాపీ వేరే డిస్క్‌లో వేసేదాకా కార్డులు ఫార్మాట్ చేయకండి, ప్రాక్సీలు బ్యాకప్ కిందికి రావు.